రాంబేర్‌కి గది ఉంది

నిరుడు ఒక సాహిత్య పాఠశాలలో మహమ్మారి సాహిత్యం గురించి, ముఖ్యంగా అందులో వ్యక్తి స్వేచ్ఛకూ సమష్టి శ్రేయస్సుకూ మధ్య కనిపించే ఘర్షణ గురించి మాట్లాడమన్నారు. ఆల్బేర్ కామూ నవల ‘ప్లేగు’ (1947) తీసుకుని మాట్లాడాను. అందులో రాంబేర్ అనే పత్రికా విలేకరి ఉంటాడు. పారిస్ నుంచి పని మీద ఒరాన్ నగరానికి వస్తాడు. ప్లేగు వచ్చి నగర ద్వారాలు మూసేస్తారు. తను ఆ ఊరివాడు కాదు, ప్రేమించిన మనిషి పారిస్‌లో ఉంది, తనకు రోగమూ లేదు, కాబట్టి తనను పోనివ్వాలంటాడు. రోగం లేదని కాగితం రాసిమ్మని డాక్టర్ రియూని అడుగుతాడు. డాక్టరు ఇవ్వడు. దొంగదారిన పోవడానికి నానా అవస్థలూ పడి, తీరా దారి దొరికాక, పోనంటాడు. తనొక్కడే సుఖపడడానికి సిగ్గుపడి ఉండిపోతాడు.

ఈ ఘట్టాన్ని నేను 2020 ఏప్రిల్‌లోనే ఒక వ్యాసంలో వాడుకున్నాను. బూర్జువా వ్యక్తివాదం సమష్టి ముందు తల వంచిన క్షణంగా దాన్ని వ్యాఖ్యానించాను. గడప దాటకుండా ఉండడమే అప్పటికి మన సామాజిక బాధ్యత అనీ, రాంబేర్ మనకొక పాఠమనీ రాశాను. పాఠశాలలోనూ ఇంచుమించు అదే చెప్పాను.

ప్రశ్నల సమయంలో వెనక వరసలోంచి ఒక విద్యార్థి లేచాడు. ఎం.ఏ. తెలుగు చదువుతున్నాడు, పాలమూరు వైపు పిల్లవాడు. “సార్, రాంబేర్‌కి ఉండనీకి హోటల్ల గది ఉన్నది గదా?” అన్నాడు. ఉందన్నాను. “మా అమ్మానాయినలకు పుణెల కట్టే బిల్డింగు కాడ రేకుల షెడ్డుండె. పని బందైనంక మేస్త్రి దాన్ని సుత ఖాళీ చేయమన్నడు. వాళ్లు నడిచొచ్చిన్రు. మీ లెక్కల వాళ్లు రాంబేర్ కంటే స్వార్థపరులేనా సార్?”

సభలో కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, జవాబూ తోచలేదు. సమయం మించిపోయిందని అధ్యక్షులు నన్ను గట్టెక్కించారు. ఆ జవాబు బాకీ పడిపోయింది. అందుకే ఈ వ్యాసం.

ముందు కామూకి న్యాయం చేయాలి. పొరపాటు చాలావరకు నాది, కామూది కాదు. నవల మళ్లీ చదివితే రాంబేర్ ఉండిపోవడం ‘తల వంచడం’ కానే కాదని తెలుస్తుంది. నగర ద్వారాల దగ్గర కాపలా ఉన్నంతకాలం అతను పోవాలనే చూశాడు. పోవడానికి వీలు చిక్కిన తర్వాతే ఉండాలనుకున్నాడు. ఎవరో ఆజ్ఞాపిస్తే చేసిన త్యాగం కాదది. తారూ నడిపే పారిశుధ్య దళాల సంగతీ అంతే. అధికారులు జనాన్ని నిర్బంధంగా పనిలోకి దింపాలని ఆలోచిస్తుంటే, తారూ డాక్టరు దగ్గరికొచ్చి, నిర్బంధం నాకిష్టం లేదు, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లతో దళాలు కడదామంటాడు. న్యాయాధికారి ఒతోన్ సంగతి నేను నా పాత వ్యాసంలో ప్రస్తావించనే లేదు. కొడుకు ప్లేగుతో చనిపోతాడు. అతన్ని క్వారంటైన్ శిబిరంలో పెడతారు. కాగితాల్లో పొరపాటు వల్ల గడువు దాటినా వదలరు. చివరికి బయటపడిన మనిషి, అదే శిబిరంలో పని చేస్తానని తిరిగి వెళ్తాడు. చట్టం పేరిట మనుషుల్ని శిక్షించినవాడు, చట్టం తనను అకారణంగా బంధించి వదిలాక, తనకై తాను లోపలికి నడిచాడు. రాంబేర్ కంటే ఒతోనే ఈ నవలలో నాకిప్పుడు పెద్ద పాత్ర అనిపిస్తున్నాడు.

అయినా విద్యార్థి ప్రశ్న అలాగే ఉంది. రాంబేర్‌కి గది ఉంది. వదులుకోవడానికి అతని దగ్గర ఒక సుఖం ఉంది, ఉండిపోవడానికి ఒక చోటుంది. సరుకుల ధరలు పెరిగి పేద కుటుంబాలు కష్టపడ్డాయనీ, డబ్బున్న కుటుంబాలకు లోటేమీ రాలేదనీ కామూ రాశాడు, నిజమే. నాలుగు వాక్యాల్లో రాసి ముందుకు పోయాడు. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. రాంబేర్ ఒరాన్‌కి వచ్చిన పనేమిటి? అక్కడి అరబ్బుల జీవన పరిస్థితుల మీద తన పత్రికకు నివేదిక రాయడం. నవల మొదట్లో ఈ మాట వస్తుంది. తర్వాత ఆ నివేదికా లేదు, ఆ అరబ్బులూ లేరు. అల్జీరియా నగరంలో ప్లేగు వస్తే చచ్చేవాళ్లూ బతికేవాళ్లూ శవాలు మోసేవాళ్లూ అందరికీ యూరోపియన్ పేర్లే. కానర్ క్రూజ్ ఓబ్రయన్ 1970లోనే ఈ విషయం ఎత్తిచూపాడు. అంతకుముందు 1955లో రోలాఁ బార్త్ ఇంకో వైపు నుంచి విమర్శించాడు. ఫాసిజానికి ప్లేగు ప్రతీక అయితే, మనుషులు మనుషుల మీద చేసే దౌర్జన్యాన్ని ముఖం లేని రోగంగా మార్చినట్టవుతుందన్నాడు. కామూ దానికి జవాబిచ్చాడు, ప్రతిఘటనలో పాల్గొన్నవాడు కనుక ఆ జవాబుకి బరువుంది. కానీ అరబ్బుల విషయంలో ఆ బరువు పనికిరాదు. సూక్ష్మజీవికి వర్గం లేకపోవచ్చు, దాని పేరు మీద మనుషులు రాసుకునే నిబంధనకు ఉంటుంది. ఎవరు గడప లోపల ఉండాలో చెప్పేముందు ఎవరికి గడప ఉందో లెక్కపెట్టాలి. ఆ లెక్క కామూ వేయలేదు. 73 ఏళ్ల తర్వాత, నివేదికలన్నీ కళ్లముందుండగా, నేనూ వేయలేదు.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన వచ్చింది, అర్ధరాత్రి నుంచి దేశం మొత్తం మూత. మధ్యలో నాలుగు గంటలు. మే 8 తెల్లవారుజామున ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది వలస కూలీల మీదుగా గూడ్సు బండి పోయింది. ఏప్రిల్‌లో మన తెలంగాణ మిరప చేలల్లో కూలికొచ్చిన పన్నెండేళ్ల ఆదివాసీ బాలిక ఒకతె, మూడు రోజులు నడిచి, బీజాపూర్ జిల్లాలో తన ఊరు ఇంకాస్త దూరంలో ఉందనగా చనిపోయింది.

ఆ రోజుల్లో మన కవిత్వం ఎక్కువగా రెండు పాయల్లో వచ్చింది. ఒక పాయలో ఇల్లు గూడైంది, కిటికీలోకి పిచ్చుక తిరిగొచ్చింది, ఆకాశం నీలంగా తేరుకుంది. దాన్ని గురించి చెప్పడానికేమీ లేదు. రెండో పాయ మనది. పగిలిన పాదాలు, కరిగే తారు, నెత్తిన మూట, మూట మీద బిడ్డ. ఆ కవితల్లో నిజాయితీ ఉంది. కానీ ఇన్నేళ్ల తర్వాత కట్ట విప్పి చదివితే ఒక సంగతి నన్ను ఇబ్బంది పెడుతోంది. నడిచే మనిషి ఒక్క కవితలోనైనా నోరు విప్పడు. అతనికి పాదాలున్నాయి, ఆలోచన లేదు. తోలితే నడిచే పశువులా కనిపిస్తాడు. నిజానికి ఆ నడక ఒక నిర్ణయం. అద్దె, తిండి, పుకార్లు, ఊళ్లోని ముసలి తల్లి, అన్నీ లెక్క చూసుకుని, పదిమంది కూడబలుక్కుని, ఇక్కడ ఉండం అని తేల్చుకున్నారు. ఉత్తర్వును ధిక్కరించారు. దారిలో బియ్యం పంచుకున్నారు, నడవలేనివాళ్లను మార్చి మార్చి మోశారు. ఆ రోజుల్లో వ్యక్తి స్వేచ్ఛను వాడుకున్నదీ వాళ్లే, సమష్టి అనేదాన్ని ఆచరణలో చూపినదీ వాళ్లే. మనం మాత్రం జాలి చూపించి ఊరుకున్నాం. మనం జాలిపడే మనిషికి స్వేచ్ఛ ఒకటుందని మనకు తట్టదు. నడక వల్ల రోగం ఊళ్లకు చేరే ప్రమాదం ఉందన్నది అబద్ధం కాదు. దాన్ని దాచితే మన వాదం బలహీనపడుతుంది. కానీ ఆ ప్రమాదానికి బాధ్యులు నడిచినవాళ్లా, ఉన్నచోట ఉండే వీలు వాళ్లకు లేకుండా చేసినవాళ్లా అన్నది తేల్చుకోవాలి.

ఈ మూతకి వాడిన చట్టాల్లో ఒకటి 1897 నాటి అంటువ్యాధుల చట్టం. అప్పటికి బొంబాయిలో ప్లేగు వచ్చి నెలలు గడిచాయి. చట్టం చిన్నది, నాలుగే సెక్షన్లు. ప్రభుత్వం ఏ చర్యైనా తీసుకోవచ్చు, ధిక్కరించినవాడికి శిక్ష ఉంటుంది, సదుద్దేశంతో పని చేసిన అధికారి మీద దావా చెల్లదు. రోగికి ఏం దక్కాలో, పని పోయినవాడికి ఏం పెట్టాలో ఒక్క ముక్క లేదు. 2020 ఏప్రిల్‌లో దీన్ని సవరించారు. ఆరోగ్య సిబ్బంది మీద దాడి చేసినవాళ్లకు శిక్షలు చేర్చారు. అవసరమే. కానీ కూలివాడి పేరు అప్పుడూ అందులోకి రాలేదు.

ఆ చట్టం వచ్చిన ఏడాది పుణెలో జరిగినది మనందరికీ తెలిసిన కథే అనుకుంటాం. ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్ సైనికుల్ని ఇళ్లలోకి పంపాడు. వంటిళ్లలో, పూజగదుల్లో సోదాలు, ఆడవాళ్లకు అవమానాలు, అనుమానితుల్ని శిబిరాలకు ఈడ్చుకుపోవడాలు జరిగాయి. 1897 జూన్ 22 రాత్రి, విక్టోరియా రాణి ఏలుబడికి 60 ఏళ్ల ఉత్సవం నాడు, చాపేకర్ సోదరులు రాండ్‌ని కాల్చారు. తర్వాత ముగ్గురు సోదరులూ ఉరికంబమెక్కారు. ‘కేసరి’లో రాతలకు తిలక్‌కి రాజద్రోహం కింద 18 నెలల శిక్ష పడింది. వలస ప్రభుత్వం ఒకవైపు, స్వేచ్ఛ కోసం ప్రాణమిచ్చిన యువకులు ఒకవైపు. మన పాఠ్యపుస్తకాలూ, మన ప్రసంగాలూ ఇక్కడితో ఆగిపోతాయి.

అదే ఏడాది, అదే పుణెలో, రాండ్ హత్యకు మూడు నెలల ముందు, మార్చి 10న సావిత్రీబాయి ఫూలే చనిపోయింది, ప్లేగుతోనే. కొడుకు యశ్వంత్ డాక్టరు, పుణె శివార్లలో ప్లేగు రోగుల కోసం వైద్యశాల నడిపాడు. రోగం తగిలిన ఒక దళిత బాలుణ్ణి ఆమె వీపున వేసుకుని అక్కడికి తీసుకొచ్చింది. ఆ రోగమే ఆమెకు సోకింది. ఈ రెండు సంఘటనల్నీ పక్కపక్కన పెట్టి చూడకుండా పుణె ప్లేగు గురించి మాట్లాడడం ఇక సాగదని నా అభిప్రాయం. రాండ్ మీద వచ్చిన ఫిర్యాదులో రెండు వేర్వేరు సంగతులు కలగలిసి ఉన్నాయి. ఒకటి మనిషి గౌరవం, రెండోది ఇంటి మడి. మొదటిది మనది. రెండోది మనది కాదు. చాపేకర్ సోదరులకు సంఘ సంస్కర్తలంటే గిట్టదన్నది దాచాల్సిన విషయమేమీ కాదు. సామ్రాజ్యవాదాన్ని ఎదిరించినంత మాత్రాన మడిని కాపాడే స్వేచ్ఛ ప్రగతిశీలం అయిపోదు. సావిత్రీబాయి ఇళ్లలోకి సైనికుల్ని పంపలేదు, తన గడపకు మడి గీతా గీసుకోలేదు. అంటరానివాడన్న పిల్లవాణ్ణి భుజాన వేసుకుంది. ఏభై ఏళ్లు ఆమె చేసిన పనికి అది కొనసాగింపు. ఆకస్మిక త్యాగం కాదు. ఆ చావు మీద మనకు చెప్పుకోదగ్గ కథ ఇప్పటికీ ఎందుకు లేదో రచయితలు ఆలోచించాలి.

ఇక్కడ మన ఊళ్ల సంగతి ఒకటి చెప్పాలి. గత్తరొచ్చినా మశూచి వచ్చినా ఊరు కట్టేవాళ్లు. పొలిమేరలో కట్టు, లోపలివాళ్లు బయటికి పోరాదు, బయటివాళ్లు లోపలికి రారాదు. అమ్మవారికి జాతర చేసి, చివర్న ఆమెను పొలిమేర దాటించి సాగనంపేవాళ్లు. ఎక్కడికి? పక్క ఊరి హద్దులోకి. వాళ్లు భయపడి ఆవలి ఊరికి పంపేవాళ్లు. క్వారంటైన్ మన పూర్వులకు తెలుసునని 2020లో కొందరు గర్వంగా రాశారు. తెలుసు, కాదనను. కానీ ఆ కట్టు ఎవరిని లోపల పెట్టిందో, వాడ దాని లోపలుందో బయటుందో కూడా రాయాలి. జాతరలో డప్పు కొట్టేదీ, చచ్చిన గొడ్లనూ మనుషుల్నీ మోసేదీ వాడ. రోగం వస్తే మొదట అనుమానించేదీ వాడనే. ‘సమష్టి’ అనే సంస్కృత పదం వాడినప్పుడల్లా నా చెవికి ‘ఊరు’ అనే తెలుగు మాట వినిపిస్తోంది ఈ మధ్య. ఊరంటే అందరూ కాదు.

వాడ నుంచి వచ్చిన మనిషి మహమ్మారి కథలో కథానాయకుడైతే ఎట్లా ఉంటుంది? రాజిందర్ సింగ్ బేదీ ఉర్దూలో రాసిన ‘క్వారంటైన్’ కథ ఆ ప్రయత్నం. లాహోరులో తపాలా గుమాస్తాగా పనిచేసిన బేదీ, అభ్యుదయ రచయితల ఉద్యమంలోని మనిషి. ఇది ఆయన తొలి కథల్లో ఒకటి. కథ చెప్పేది ఒక డాక్టరు. నగరంలో ప్లేగు ఉంది. కానీ జనానికి ప్లేగు కంటే క్వారంటైన్ అంటే ఎక్కువ భయం. రోగుల్ని ఇళ్లలో దాచుకుంటారు. లోపలికి పోయినవాళ్లలో రోగంతో పోయేవాళ్ల కంటే ఆ చోటు చూసి బెంగతో పోయేవాళ్లే ఎక్కువ. డాక్టరు బాధ్యత తెలిసినవాడే. భయస్థుడు కూడా. పని కాగానే మందు నీళ్లతో ఒళ్లంతా కడుక్కుంటాడు, నోరు పుక్కిలిస్తాడు, గొంతులో కాస్త నస అనిపిస్తే వణికిపోతాడు. అక్కడ భాగూ అనే పాకీ పనివాడు ఉంటాడు, క్రైస్తవం పుచ్చుకున్నవాడు. తెల్లవారకముందే లేచి, నాటు సారా ఇంత గొంతులో పోసుకుని, వీధుల్లో సున్నం చల్లుతాడు, శవాలు మోస్తాడు, ఇళ్లలోంచి రాలేనివాళ్లకు సరుకులు తెచ్చి పెడతాడు. ఒకసారి శవాల గుట్టకు నిప్పంటించాక అందులో ఒక మనిషి కదిలితే మంటల్లోకి చెయ్యి పెట్టి బయటికి లాగుతాడు. ఆ మనిషి దక్కడు, భాగూ చేతులు కాలతాయి. ఇంతలో భాగూ భార్యకే ప్లేగు వస్తుంది. రాత్రివేళ డాక్టరు తలుపు తడితే, నువ్వే రోగం ఇంటికి మోసుకుపోయావని డాక్టరు కసురుకుంటాడు. తర్వాత సిగ్గుపడి వెళ్తాడు. ఆమె బతకదు. భాగూ మళ్లీ పనిలోకి వస్తాడు. ప్లేగు తగ్గాక సన్మాన సభ జరుగుతుంది. పూలదండలు, డబ్బు సంచీ, పొగడ్తలు అన్నీ డాక్టరుకే. ఇంటికొచ్చేసరికి చీపురు పక్కన పెట్టి భాగూ నిలబడి ఉంటాడు, అభినందనలు చెప్పడానికి.

డాక్టరుకి మందు నీళ్లు, భాగూకి సారా. ఇద్దరికీ రోగమంటే జాగ్రత్తే, కానీ నగరం ఇద్దరికీ ఇచ్చిన రక్షణ ఒకటి కాదు. బేదీ దాని మీద వ్యాఖ్యానం చేయడు, రెండూ పక్కపక్కన పెట్టి వదిలేస్తాడు. 2020 మార్చి 22 సాయంత్రం 5 గంటలకు పళ్లేలు మోగించి, మే 3న హెలికాప్టర్లలోంచి ఆసుపత్రుల మీద పూలు చల్లించుకున్న దేశంలో ఈ కథకు కొత్తగా టీక రాయనక్కర్లేదు.

అయితే ఈ కథ మీద నాకొక అభ్యంతరం ఉంది, మన శిబిరం కథ కాబట్టే చెప్పాలి. భాగూ మరీ పుణ్యాత్ముడు. అతనికి కోపం రాదు. జీతమెంతో తెలియదు. భార్య చచ్చిన రాత్రి ఈ నగరం గురించి అతనేమనుకున్నాడో మనకు వినపడదు. ప్రాణాలకు తెగించడం అతని స్వేచ్ఛ అంటామా? కులం అతనికి అప్పగించిన పనిని, దేవుడి మాటతో కలుపుకుని, అతను తన ఇష్టంగా మార్చుకున్నాడా? మార్చుకున్నాడనే అనుకుందాం. ఆ ఇష్టాన్ని గౌరవించాలి కూడా. కానీ చీపురు పెట్టేసి ‘నేను రాను’ అనే హక్కు భాగూకి లేనప్పుడు అతను వచ్చాడన్న దాన్ని రాంబేర్ ఉండిపోవడంతో సమానంగా తూచలేం. కథ చివరి వెలుగు భాగూ మీద పడదు, డాక్టరు పశ్చాత్తాపం మీద పడుతుంది. చదువుకున్నవాడి అంతరాత్మ మేలుకోవడమే కథకు ముగింపు అవుతుంది. 2020 తర్వాత మన కథల్లో కూడా ఇదే తంతు చూస్తున్నాను. పారిశుధ్య కార్మికురాలు వస్తుంది, అపార్టుమెంటులోని రచయితకు జ్ఞానోదయం కలిగిస్తుంది, వెళ్లిపోతుంది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి, వ్యక్తి గొంతెత్తడమంటే బూర్జువా వ్యవహారం, పీడితుల సమూహం ఎప్పుడూ సరైనదే అని ఎవరైనా తీర్మానిస్తే, వాళ్లు ఇబ్సెన్ నాటకం ‘ప్రజా శత్రువు’ (1882) చదవాలి. స్నానశాలల నీళ్లు కలుషితమయ్యాయని డాక్టర్ స్టాక్‌మన్ కనిపెడతాడు. ఊరి ఆదాయమంతా వాటి మీదే. మేయరైన సొంత అన్న ఎదురు తిరుగుతాడు. మొదట మెచ్చుకున్న ప్రగతిశీల పత్రిక సంపాదకుడు, ఖర్చు పన్నుల రూపంలో చందాదారుల మీద పడుతుందని తెలిసి జారుకుంటాడు. సభ పెట్టి, చీటీలతో ఓట్లు వేయించి, అతన్ని ప్రజా శత్రువని తీర్మానిస్తారు. ఇక్కడ సమష్టి ఆరోగ్యం ఒక్క వ్యక్తి నోట్లో ఉంది. ‘సమష్టి’ పేరుతో మాట్లాడుతున్నది ఊరి ఖజానా.

ఇది వింత నాటకమేమీ కాదు. వూహాన్‌లో కొత్త జ్వరం గురించి తోటి డాక్టర్లను హెచ్చరించినందుకు లీ వెన్‌లియాంగ్‌ని 2020 జనవరి 3న పోలీసులు పిలిపించి, పుకార్లు పుట్టించనని సంతకం పెట్టించుకున్నారు. ఫిబ్రవరి 7న ఆ జ్వరంతోనే చనిపోయాడు. ఎర్రజెండా ఎగిరే దేశంలో జరిగింది కాబట్టి మనలో చాలామందిమి అప్పుడు నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. మన విశాఖ జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రి మత్తు డాక్టరు, దళితుడు, 2020 ఏప్రిల్‌లో మాస్కులు లేవని బాహాటంగా చెప్పి సస్పెండయ్యాడు. మే నెలలో నడిరోడ్డు మీద చేతులు వెనక్కి విరిచి కట్టిన అతన్ని దేశమంతా చూసింది. ఆయనా ఏడాది తిరిగాక గుండెపోటుతో పోయాడు. స్టాక్‌మన్‌కి చివర్న తలదాచుకోవడానికి స్నేహితుడి ఇల్లైనా మిగిలింది.

స్టాక్‌మన్‌లో మనకు సరిపడనిది ఒకటుంది, జనం మీద అతని చులకన. ఒంటరిగా నిలబడ్డవాడే అందరికంటే బలవంతుడన్న గర్వంతో నాటకం ముగుస్తుంది. ఈ గర్వాన్ని పట్టుకుని మాస్కు పెట్టుకోనన్నవాడూ, ‘నా ఒళ్లు నా ఇష్టం’ అని టీకాను తిట్టినవాడూ తమను స్టాక్‌మన్‌లనుకున్నారు. తేడా చిన్నదే, కానీ అసలైనది. స్టాక్‌మన్ నీళ్లను విశ్వవిద్యాలయానికి పంపి పరీక్ష చేయించాడు. ఆ కాగితం ఎవరైనా చదవవచ్చు, తప్పుంటే తప్పని చూపవచ్చు. అతను ఎదిరించింది ఊరిని, నిజాన్ని కాదు. సత్యజిత్ రాయ్ 1989లో దీన్ని ‘గణశత్రు’గా తీసినప్పుడు స్నానశాల స్థానంలో గుడి తీర్థం పెట్టాడు, ముగింపు మార్చాడు. డాక్టర్ అశోక్ గుప్తా ఒంటరిగా మిగలడు, బయట యువకుల నినాదాలు వినిపిస్తాయి. రాయ్ ఆరోగ్యం బాగాలేక సినిమా మొత్తం గదుల్లోనే తీశాడు, నాటకం వాసన పోలేదు, అని కొందరు పెదవి విరిచారు. ఆ విరుపులో న్యాయముంది. ముగింపు మార్పు మాత్రం నాకు ఇబ్సెన్ కంటే నచ్చింది. ఒక వ్యక్తి చెప్పిన నిజం, పదిమంది చేతుల్లోకి పోయేదాకా ఆరోగ్యంగా మారదు.

ఆ విద్యార్థికి ఉత్తరం రాశాను. మీ అమ్మానాన్నలు స్వార్థపరులు కారు, రాంబేర్‌తో పోల్చడమే నా తప్పు, రాంబేర్ దగ్గరున్నదేదీ వాళ్ల దగ్గర లేదు అన్నాను. నా 2020 వ్యాసం సంపుటిలో వేయాల్సి వస్తే ఈ వ్యాసాన్ని దాని వెనకే వేయమని ప్రచురణకర్త మిత్రులకు చెప్పాను.

అతను జవాబుతో పాటు ఒక కథ పంపాడు. పుణె నుంచి నడిచొచ్చిన తల్లి జిల్లా సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోతుంది. సొంత ఊరివాళ్లే దారికి అడ్డంగా ముళ్ల కంప వేసి, పద్నాలుగు రోజులు బడిలో ఉండి రమ్మంటారు. ఆమె ఉంటుంది. బడిలో నీళ్లుండవు. కథ బాగుంది. ఒక్క మార్పు సూచించాను. కంప వేసినవాళ్లలో ఒకడి ఇంట్లో దమ్ము జబ్బుతో ముసలి తండ్రి ఉన్నట్టు రాశావు కదా, అతని భయాన్ని కూడా ఒక పేజీ రాయి, అతను విలన్ కాడు అన్నాను. కుర్రవాడు ఒప్పుకోలేదు. “నీళ్ల కుండ పెట్టి కంపేస్తే రాస్త సార్” అన్నాడు. ఆ పేజీ గురించి మేమింకా వాదించుకుంటున్నాం.